పీత డెక్కల వడలు: వియ్యాలవారి కోసం ఒక వంటింటి ప్రాజెక్టు

పని ఏమిటంటే

తమ్ముడికి సంబంధం కుదిరింది. ఆదివారం సాయంత్రం భీమవరం నుంచి వియ్యాలవారు మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. భోజనానికి ముందు కరకరలాడేది ఏదైనా పెట్టాలి, అది పీతతోనే చెయ్యాలని నేను పట్టుబట్టాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14తో అయిపోయింది. బోట్లు మళ్ళీ లోపలికి వెళ్ళి వస్తున్నాయి. విశాఖపట్నంలో ఉంటూ ఈ రోజుల్లో కూడా ఇంటికొచ్చినవాళ్ళకి బయట నుంచి తెప్పించిన చికెన్ ముక్కలు పెట్టడం నాకు ఇష్టం లేదు.

అమ్మకి మొదట ఒప్పుదల కాలేదు. "పీతంటే పులుసో ఇగురో. కొత్త చుట్టాల్ని గుల్లలు కొరుక్కుంటూ కూర్చోమంటావా?" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. పట్టుచీర కట్టుకుని వచ్చిన మనిషి చేతులు మోచేతుల దాకా పులుసు చేసుకోలేదు. అందుకే గుల్ల పని అంతా మేమే చేసి, మాంసం తీసి, చిన్న వడలుగా వేయించి ఇవ్వాలని తేల్చాం. డెక్క, అంటే పీత ముందరి కొండి, దాని చివర గట్టి గుల్లని మాత్రం పిడిలా ఉంచేస్తాం, పట్టుకోవడానికి.

నాకు కావలసింది ఇది: కొరకగానే పీత రుచి తెలియాలి, మసాలా తర్వాత తెలియాలి. పైన కరకర పావుగంటైనా నిలవాలి. వాళ్ళు వచ్చాక నేను పొయ్యి దగ్గరే ఉండిపోకూడదు. ఈ మూడింటిలో రెండోది కష్టం. ఈ ఊరి గాలిలో తేమ ఎంత ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే అప్పడం కూడా మెత్తబడుతుంది.

సోమవారం: ముందు ఒక ఫోను

వంట కంటే ముందు అమ్మ చేత భీమవరం ఫోన్ చేయించాను. "వదినగారూ, మీ అందరికీ పీతలు పడతాయా?" అని అడిగింది. "నాకూ మీ అన్నయ్యగారికీ ప్రాణమండి. మా చిన్నాడికి మాత్రం రొయ్య తింటే ఒళ్ళంతా దద్దుర్లొస్తాయండి" అన్నారావిడ.

రొయ్య పడనివాళ్ళకి పీత కూడా పడకపోవడం మామూలు. రెండింటిలోనూ ట్రోపోమయోసిన్ అనే ఒకే తరహా ప్రొటీన్ ఉంటుంది. అది వేడికి చెడిపోదు, ఉడికించినా వేయించినా అలాగే ఉంటుంది. పీత వేగిన నూనెలో వేరేది వేయించి ఆ అబ్బాయికి పెట్టినా ప్రమాదమే. అందుకని అతని కోసం మొక్కజొన్న వడలు అనుకున్నాను. కొత్త నూనెలో, వేరే మూకుట్లో, వేరే చిల్లుల గరిటెతో, పీతలు ఫ్రిజ్‌లోంచి బయటికి రాకముందే వేయించేయాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా ఎవరూ ఎవరికీ పీతలు, రొయ్యలు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మర్యాద కంటే ముందు చూడాల్సిన విషయం ఇది.

బుధవారం: ట్రయల్ కోసం పీతలు

తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం. వేలంపాటలో గంపలకు గంపలు తీసుకునేవాళ్ళ మధ్య మనలాంటి కిలో రెండు కిలోల బేరానికి పక్కన కూర్చుని అమ్మే ఆడవాళ్ళే దిక్కు. అక్కడ ఎక్కువగా కనబడినవి డిప్ప మీద మూడు ఎర్రటి చుక్కలున్న సముద్రపు పీతలు. నీలం రంగు మచ్చల పీతలు కొన్ని. వీపు మీద సిలువ ఆకారం ఉండేవి అక్కడక్కడా. బురద నీళ్ళలో పెరిగే మండపీతలు తాళ్ళతో కట్టి వేరుగా పెట్టారు. వాటి ధర వేరే లోకం. బతికున్నవి విదేశాలకి విమానాల్లో వెళ్ళిపోయే సరుకు అది.

మండపీత మాంసం గట్టిగా, నిండుగా ఉంటుంది. అయినా నేను చుక్కల పీతలే తీసుకున్నాను. వడలోకి ఎలాగూ మాంసం విడదీస్తాం, పైగా సముద్రపు పీత తీపి నాకు ఎక్కువ ఇష్టం. ఇంకో కారణం కూడా ఉంది. భీమవరం వాళ్ళకి మండపీత రుచి బాగా తెలుసు. వాళ్ళకి మా సముద్రం రుచి చూపించాలి కదా.

ఎలా ఏరుకోవాలో గంప ముందు కూర్చున్న అక్క నేర్పింది. "దీని పొట్ట సూడమ్మా. తెల్లగా మెరిసిపోతంటే అది కొత్త గుల్ల, లోపల నీరే ఉంటాది. కాసింత మాసినట్టున్నదే తీసుకో" అంది. పీత పెరగాలంటే పాత గుల్ల వదిలేయాలి. వదిలిన కొత్తలో ఒళ్ళంతా నీరు పట్టి ఉంటుంది, మాంసం తర్వాత నెమ్మదిగా నిండుతుంది. పొట్ట వైపు బొటనవేలితో నొక్కితే లొత్త పడకూడదు. ఒకే సైజు ఉన్న రెండింటిని రెండు చేతుల్లో పట్టుకుంటే బరువైనది తెలిసిపోతుంది. పొట్ట కింది మూత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది.

ఆ మూత కింద నారింజ రంగులోనో నల్లగానో గుడ్ల ముద్ద బయటికి కనిపించే పీతల్ని మాత్రం తీసుకోలేదు. ఒక్కోటి లక్షల గుడ్లు మోస్తుంది. రెండు నెలలు బోట్లు ఆపేది చేపలూ పీతలూ గుడ్లు పెట్టుకోవాలనే కదా. నిషేధం అయిపోయిన వెంటనే గుడ్డు పీతల్ని కొనుక్కుంటే ఆ రెండు నెలలు ఎందుకు ఆగినట్టు? అక్కతో అంటే మారు మాట్లాడకుండా వాటిని పక్కకి తీసేసి వేరేవి ఇచ్చింది.

ఐస్ నింపిన డబ్బాలో పెట్టుకుని నేరుగా ఇంటికి. చచ్చిన పీత ఎండలో చాలా త్వరగా పాడవుతుంది. అమోనియా వాసన కొంచెం తగిలినా పారేయాల్సిందే, ఏ మసాలా దాన్ని బాగు చేయలేదు.

బుధవారం మధ్యాహ్నం: నీటి సంగతి

ఈ వంటలో అసలు పని ఇక్కడే ఉందని నా నమ్మకం. వడ నూనెలో విరిగిపోయినా, పైన మెత్తబడినా, కారణం లోపలి నీరే.

పీతల్ని నీళ్ళలో వేసి ఉడికించలేదు. ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్ళు పోసి, పైన చిల్లుల ప్లేటు మీద పొట్ట పైకి ఉండేలా పేర్చి ఆవిరి పట్టాను. అలా పెడితే లోపలి రసం డిప్పలోనే నిలుస్తుంది. ఒక్కోటి 150 గ్రాముల పైన ఉండే పీతలకి, నీళ్ళు మరిగాక 12 నిమిషాలు. పచ్చటి బూడిద రంగు డిప్ప ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ముందు నుంచీ గుల్లలో ఉన్నదే. ఆస్టాజాంథిన్ అనే రంగుని ఒక ప్రొటీన్ పట్టి ఉంచుతుంది, వేడికి ఆ ప్రొటీన్ విడిపోతే ఎరుపు బయటపడుతుంది. ఉడికాక చల్లటి నీళ్ళలో వేయకుండా పళ్ళెంలో ఆరనిచ్చాను. చన్నీళ్ళలో ముంచితే మాంసం మళ్ళీ నీరు తాగుతుంది.

మాంసం తీయడం ఓపిక పని. డిప్ప ఊడదీసి, వేళ్ళలా ఉండే బూడిద రంగు మొప్పల్ని పూర్తిగా తీసేయాలి. ఒంటిని మధ్యకి విరిచి, గదుల్లా ఉన్న అరల్లోంచి చిన్న ఫోర్కుతో తీస్తే తెల్లటి పాయలు వస్తాయి. వెనక ఈత కాలు మొదట్లో ఉండే పెద్ద ముద్దని చెదరనివ్వకుండా వేరే గిన్నెలో పెట్టాను. సన్నటి కాళ్ళని అమ్మ అప్పడాల కర్రతో దొర్లించింది. లోపలి మాంసం ఇటు నుంచి అటు పుల్లలా బయటికొచ్చింది. నేను చూడనిది అది, అమ్మ చిన్నప్పుడు వాళ్ళ పెద్దమ్మ దగ్గర నేర్చుకుందట. డెక్కల్ని మాత్రం జాగ్రత్తగా చిట్లగొట్టి, చివరి కొన అలాగే ఉంచి, మాంసం దానికే అంటుకుని ఉండేలా వలిచాం.

కిలో పీతలకు పావుకిలో మాంసం వస్తే బాగా వచ్చినట్టే. గుల్ల ముక్కలు మిగలకుండా చూడటానికి మాంసాన్ని స్టీలు పళ్ళెంలో కొద్దికొద్దిగా జారవిడిచాం. గుల్ల ముక్క ఉంటే పళ్ళెం మీద టక్కుమని చప్పుడు వస్తుంది. కంటికి కనబడనివి చెవికి దొరుకుతాయి. చుట్టాల పంటికింద ఒక్క గుల్ల ముక్క పడితే మిగిలిన శ్రమంతా వృథా. అందుకే ఇక్కడ ఎంత సమయం పట్టినా సరే అనుకున్నాం.

తర్వాత మాంసాన్ని పలచటి కాటన్ గుడ్డలో మూటకట్టి, పీచు నలగకుండా మెల్లగా పిండాను. అరగ్లాసు దాకా నీరు వచ్చింది. చాలామంది దాన్ని పారబోస్తారు. పీత తీపంతా అందులో ఉంది. చిన్న గిన్నెలో సన్నటి మంట మీద ఒక చెంచా చిక్కటి రసం మిగిలేదాకా మరిగించి, మళ్ళీ మాంసంలోనే కలిపాను. ఇలా చేస్తే నీరు పోతుంది, రుచి ఎక్కడికీ పోదు. రుచి చూస్తే ఉప్పు కూడా అందులోనే చాలావరకు ఉంది. విడిగా ఉప్పు వేసేటప్పుడు చెయ్యి బిగబట్టాలి.

ముద్దలో ఏం కలపాలి

పావుకిలో మాంసానికి నాకు కుదిరిన లెక్క: తొక్కతో ఆవిరి పట్టి, వేడిగా ఉన్నప్పుడే మెదిపి ఆరబెట్టిన చిన్న బంగాళదుంప ఒకటి, పుట్నాల పప్పు పొడి రెండు పెద్ద చెంచాలు, గుడ్డు పచ్చసొన ఒకటి. తెల్లసొనలో నీరెక్కువ, దాన్ని పైపూత కోసం ఉంచేశాను. పుట్నాల పొడి ఎంత తేమనైనా పట్టేస్తుంది. పచ్చి శనగపిండిలా పచ్చి వాసన రాదు. బ్రెడ్డు కలిపి కూడా చూశాం. బాగానే పట్టింది కానీ పీత పాయలు తెలియకుండా మెత్తగా అయిపోయింది. అది వద్దనుకున్నాం.

ఉల్లిపాయ పచ్చిగా వేస్తే నీరు వదులుతుంది. సన్నగా తరిగి, చెంచాడు నూనెలో కరివేపాకు, అల్లం, పచ్చిమిర్చితో వేయించి, చల్లారాక కలిపాను. వెల్లుల్లి ఒక్క రెబ్బ. అరకు నుంచి తెచ్చుకున్న మిరియాలు అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచి అరచెంచా. కాఫీ తోటల్లో చెట్లకి పాకించి పెంచే ఆ మిరియాల ఘాటు పీతకి బాగా నప్పుతుంది. గరం మసాలా వేయలేదు. అమ్మ ధనియాల పొడి చిటికెడైనా వేయమంది. వేసినది, వేయనిది రెండూ వేయించి నాన్నకి చెప్పకుండా ఇచ్చాం. వేయనిదే ఇంకోటి కావాలన్నారు. అక్కడితో ఆ వాదన ముగిసింది.

విడిగా ఉంచిన పెద్ద ముద్దల్ని చిట్టచివర వేసి వేళ్ళ కొసలతో కలపాలి. పిసికితే పీచంతా పిండైపోతుంది. డెక్క చుట్టూ నిమ్మకాయంత ముద్ద అద్ది, మిగిలినదాన్ని చిన్న బిళ్ళలుగా చేసి, ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టాను. చల్లబడితే గట్టిపడుతుంది, నూనెలో విచ్చుకోదు.

గురువారం: పైపూత

ఈ రోజంతా కరకర కోసమే. ఒకే ముద్దని నాలుగు రకాలుగా వేయించి చూశాను. పిండి జారుగా కలిపి ముంచితే బజ్జీ అయింది, పీత ఎక్కడో లోపల దాక్కుంది. బ్రెడ్డు పొడికి రంగు అన్నిటికంటే అందంగా వచ్చింది కానీ నూనె బాగా పీల్చి, చల్లారేసరికి మెత్తబడింది. బొంబాయి రవ్వ చాలాసేపు గట్టిగానే నిలిచింది. చేపముక్కకి అది బ్రహ్మాండం. పీత మాంసం మాత్రం అంత గరుకు పక్కన చిన్నబోయింది.

సన్న సేమియా గెలిచింది. వేయించనిది, చేత్తో నలిపి గోరు పొడవు కంటే చిన్న ముక్కలు చేశాను. ముందు బియ్యప్పిండిలో దొర్లించి దులపాలి, తర్వాత కొద్దిగా గిలకొట్టిన తెల్లసొనలో ముంచాలి, ఆ తర్వాత సేమియా అద్దాలి. కింద బియ్యప్పిండి పలచటి పొరలా బిగుసుకుని లోపలి తేమని ఆపుతుంది, పైన సేమియా తేలిగ్గా విరుగుతుంది. చూడటానికి కదంబ పువ్వులా అన్ని వైపులా నిక్కబొడుచుకుని ఉంటుంది.

సేమియాకి ఒక చిక్కుంది. మొనలు త్వరగా నల్లబడతాయి. నూనె 180 డిగ్రీలు దాటితే లోపల వేడెక్కే లోపే పైన మాడుతుంది. నా దగ్గర వంట థర్మామీటరు ఉంది. అది లేనివాళ్ళు ఒక సేమియా పుల్ల వేసి చూడొచ్చు. వెంటనే తేలి, చుట్టూ సన్నగా బుడగలు వచ్చి, రంగు మారడానికి కొంచెం సమయం తీసుకుంటే సరిపోయినట్టు.

రెండుసార్లు వేయించే పద్ధతి బాగా పనికొచ్చింది. మొదటిసారి 160 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు, రంగు రాకుండా, పూత బిగుసుకునేవరకు. తీసి ఆరబెట్టాలి. ఆ విరామంలో లోపలి తేమ పైపొరలోకి వస్తుంది. రెండోసారి 175 దగ్గర ఒక నిమిషం వేయిస్తే ఆ తేమ కూడా ఆవిరైపోయి పొర పొడిగా మిగులుతుంది. మూకుట్లో ఒక్కసారికి ఐదారు కంటే ఎక్కువ వేయకూడదు. చల్లటి వడలు గుంపుగా పడితే నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది, అప్పుడు వేగడం మాని నూనె పీలుస్తాయి. నూనె మాత్రం వేరుశనగదే, దాని వాసన పీతకి అడ్డు రాదు.

ఇక మన ఊరి గాలితో పరీక్ష. వేగినవి కొన్ని టిష్యూ కాగితం మీద, కొన్ని జాలీ మీద పెట్టి బాల్కనీ తలుపు తీసి ఉన్న హాల్లో ఉంచాను. కాగితం మీదివి అడుగు వైపు తొందరగా మెత్తబడ్డాయి, వాటి ఆవిరి వాటికే తగిలింది. జాలీ మీదివి ఇంకొంతసేపు ఆగాయి. ఏసీ వేసిన గదిలో జాలీ మీద పెట్టినవి పావుగంట తర్వాత కూడా శబ్దం చేశాయి. ఏసీ గదిని చల్లబరచడమే కాక గాలిలో తేమని కూడా లాగేస్తుంది. సముద్రపు గాలి ఎంత హాయిగా ఉన్నా ఆదివారం సాయంత్రం ఆ గంటసేపు బాల్కనీ తలుపు మూసే ఉంచాలని తమ్ముడికి ఆర్డర్ వేశాను.

శనివారం: పెద్ద పని, పచ్చడి

ఈసారి హార్బర్ దాకా వెళ్ళకుండా పెద జాలారిపేటలో తీసుకున్నాం. ఎంవీపీ కాలనీ నుంచి దగ్గర. అక్క చెప్పినట్టే పొట్ట చూసి, బరువు చూసి ఏరుకున్నాం. మాంసం తీయడం, పిండటం, కలపడం అన్నీ సాయంత్రానికే ముగించి, డెక్కల వడలు పళ్ళెంలో పేర్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టాను. ఉడికించిన పీత మాంసాన్ని చల్లగా ఉంచినా రెండు రోజుల్లోపు వాడేయాలి.

నంజుకోవడానికి అనకాపల్లి బెల్లం, చింతపండు గుజ్జు, వేయించి దంచిన ఎండుమిర్చి, కొద్దిగా జీలకర్ర. చిక్కగా మరిగించి చల్లార్చాను. పలచగా ఉంటే వడని నానబెట్టేస్తుంది. పిల్లలుంటే ఎండుమిర్చి సగానికి తగ్గించాలి. గుల్లలూ డిప్పలూ పారేయకుండా అమ్మ వాటిని నూనెలో వేయించి, దంచి, నీళ్ళు పోసి మరిగించి, వడకట్టి చారు పెట్టింది. మిరియాలూ టమాటా వేసిన ఆ చారు రాత్రి అన్నంలోకి ఎంత బాగుందంటే, ఇది కూడా పెట్టాలని నాన్న పట్టుబట్టారు. ఆదివారం చిన్న గ్లాసుల్లో పోసి వడల పక్కన పెట్టాం.

ఆదివారం

మధ్యాహ్నం నాలుగున్నరకి మొక్కజొన్న వడలు, ముందు చెప్పిన ఏర్పాటుతో. అవి పక్క గదిలో మూతపెట్టి, తమ్ముడికి అప్పగించాను. ఐదున్నరకి పీత వడలు మొదటి విడత వేయించి జాలీ మీద ఆరబెట్టాను. వాళ్ళు రాగానే మంచినీళ్ళు, పలకరింపులు అయ్యేలోగా నూనె మళ్ళీ వేడెక్కింది. రెండో విడత మొత్తం ఒకేసారి వేయించకుండా, ప్లేటు ఖాళీ అయ్యేకొద్దీ ఐదేసి వేయించి పంపాను. నిమిషం పనే కాబట్టి మధ్యమధ్యలో నేనూ వెళ్ళి కూర్చోగలిగాను. టెన్షన్ పడాల్సింది ఏమీ మిగల్లేదు.

వియ్యపురాలు మొదటిది డెక్క పట్టుకుని చూసి, "ఇది పిడాండి!" అని నవ్వారు. కొరికాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పీత పీతలాగే ఉందండి వదినగారూ, మసాలాతో కప్పెట్టలేదు" అన్నారు అమ్మతో. నాకు కావలసిన మాట అదే. వియ్యంకుడు గారు చారు గ్లాసు రెండోసారి అడిగి మరీ తాగారు. వాళ్ళ చిన్నబ్బాయి తనకోసం విడిగా చేశారని తెలిసి, మొక్కజొన్న వడల ప్లేటు పక్కన పెట్టుకుని తమ్ముడితో క్రికెట్టు మాటల్లో పడ్డాడు.

కాబోయే మరదలు వంటింట్లోకి వచ్చి పక్కన నిలబడి చూసింది. "మా ఊళ్ళో మండపీతలతో చేసుకోవచ్చా వదినా?" అని అడిగింది. చేసుకోవచ్చు. ఆ రాత్రి తనకి రాసి పంపిన మార్పులు ఇవి. మండపీత బతికున్నదే కొనాలి. వండే ముందు ఫ్రీజర్లో పెట్టి కదలిక ఆగాక మొదలుపెట్టాలి. గుల్ల మందం కాబట్టి అరకిలో సైజు దానికి ఆవిరి 20 నిమిషాల దాకా పడుతుంది. మాంసం గట్టిగా ఉంటుంది, బంగాళదుంప సగమే చాలు, పుట్నాల పొడి ఒక చెంచా తగ్గించుకోవచ్చు. డెక్క మరీ పెద్దది, పిడిగా పనికిరాదు, బిళ్ళలే చేసుకోవాలి. సేమియా, నూనె వేడి మాత్రం ఇలాగే.